గాలిలో వేలాడిన ఎర్త్ వైరు

మా నాన్న చిట్టియ్య ధవళేశ్వరంలో ముప్పై ఏళ్లు ఇళ్లకు వైరింగ్ చేశాడు. ఆ రోజుల్లో అందరిలాగే ఎర్త్ వైరును బోరు ఇనప పైపుకే బిగించేవాడు. ఎక్కడ కరెంటు లీకైనా ఆ పైపు గుండా భూమిలోకి పోయేది.

పోయినేడాది, నాన్న వైరింగ్ చేసిన మాణిక్యాంబగారింట్లో బోరు పాడైతే, ఇనప పైపు తీసేసి ప్లాస్టిక్‌ది దించారు. నేను అటుగా వెళుతూ చూశాను. ఎర్త్ వైరు గాలిలో వేలాడుతోంది. నాన్నకు చెప్పాలి. కానీ ముందురోజే ఆయన, "ఆ పుస్తకాలు చదివి ఏం పీకుతావురా? స్క్రూడ్రైవర్ పట్టుకోవడం రాదు" అని నలుగురిలో నవ్వాడు. ఆ కోపంతో చెప్పలేదు.

పదిరోజులకు గీజర్‌లో లీకైన కరెంటు, భూమిలోకి దారిలేక స్నానాలగది ఇనప కుళాయిలోకి వచ్చింది. దాన్ని పట్టుకున్న మాణిక్యాంబగారు బతికారు గానీ, కుడిచేతి వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

"వైరింగ్ చేసింది నేనేనండి. తప్పు నాదేనండి" అన్నాడు నాన్న.

"ఊరుకో చిట్టియ్యా, పైపు మార్చేముందు నిన్ను అడగాల్సింది మేమే" అన్నారావిడ.

అప్పట్నుంచీ కొత్త పనులు ఒప్పుకోవడం మానేశాడు. సైకిలేసుకుని పాత ఇళ్లన్నీ తిరుగుతూ, "మీ బోరు పైపు ఇనపదాండి, ప్లాస్టిక్‌దాండి?" అని అడుగుతాడు. ప్లాస్టిక్‌దంటే ఆ పెరట్లోనే ఎర్త్ కోసం గొయ్యి తవ్వుతాడు.

నిన్న గొయ్యి తవ్వుతూ ఆగి, "ఆవేళ ఎవడైనా చూసి నాకో మాట చెప్పుంటే బావుండేదిరా" అన్నాడు.

"అవును నాన్నా" అని, ఆయన చేతిలోని గునపం నేను తీసుకున్నాను.