టవర్‌కి క్యూలైన్ పెట్టిన మా మామ

ఈ పొద్దు వడమాలపేటలో మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం. హాల్లో మూడొందల మంది, ఊరికి టవర్ ఒకటే. అందరి ఫోన్లలోనూ చక్రం తిరగతానే ఉండాది. నేనేమో సాయంత్రం అయిదులోపల ఆన్‌లైన్లో మా పాప కాలేజీ ఆప్షన్లు పెట్టాల.

కొండమీద గుళ్లో దర్శనం క్యూలైన్ డ్యూటీ చేసి రిటైరైన మా మామ లేచినాడు. అందరి నెట్ ఆపించి కాగితం టోకెన్లు పంచినాడు. ఒక్కో వంతుకి పది మంది, అయిదు నిమిషాలు నెట్. నాది డెబ్బై రెండు.

"మామా, కిటికీకాడ నాకు సిగ్నల్ ఫుల్లుగా ఉండాది. ముందు వదిలితే చిటికెలో అయిపోతాది" అన్నాను.

"ఫుల్లున్నోళ్లనే వదలతా పోతే, వంటగదిలో ఒక్క గీత వచ్చే అవ్వ ఎప్పుడు సూడాల?" అన్నాడు.

అయిదుకి పది నిమిషాలుండగా నా వంతొచ్చింది. ఓటీపీలో ఇంకా రెండంకెలు కొట్టాల, టైమైపోయిందని మామ సొంత మేనకోడలినని కూడా సూడకుండా పక్కకి నెట్టినాడు. "జరగండి, జరగండి!"

ఏడుపు మొహంతో వంటగదిలోకి పోతే, అవ్వే తన టోకెన్ నా చేతిలో పెట్టింది, నా ఎనకాల వంతుదే. ఆప్షన్లు పడినాయి.

"నీకు నెట్ వద్దా అవ్వా?" అన్నాను.

"నెట్టేంది మే? లడ్డుకనుకోని తీసుకున్నా. యాడిస్తాండారు?"

టవర్ ఎట్ల పంచితే న్యాయమో మీరే చెప్పండబ్బా. అవ్వ మాత్రం లడ్డు కోసరం ఇంకా క్యూలోనే ఉండాది.