పన్నెండో కుర్చీలో బాపురావు

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బాపురావును ఎరిగినవాళ్లందరికీ ఆయన చాదస్తం ఒకటి తెలుసు. చచ్చినా ఒట్టు వేయడు. హాస్పిటల్ రికార్డుల ఆఫీసులో ఫైలు కనిపించక ఎవరైనా "ఇక్కడ పెట్టింది మీరే కదా" అని అడిగితే, "పెట్టినట్టే గుర్తు" అంటాడు తప్ప "పెట్టాను" అనడు. పదిహేడేళ్లుగా అదే ఆఫీసు, అదే జవాబు. భార్య పుష్పలీల దీన్ని పిరికితనం కింద జమకట్టేసింది. పాపం, ఆమెకు సంగతి తెలియదు.

2005 మార్చిలో ఒక శనివారం పొద్దున తలుపు సందులోంచి కోర్టు కవరు పడింది. జ్యూరీకి రావాలి, అంటే మరో పదకొండుమందితో కూర్చుని ముద్దాయి దోషో కాదో తేల్చాలి. రాకపోతే జరిమానా. అది చదివిన బాపురావు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నన్నే ఎందుకు పిలిచిన్రు? నా పేరు ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తరు? కౌన్సిల్ ఓటరు ఫారం నేనే నింపి పంపిన గద. గా లిస్టుల నుంచి కంప్యూటర్ చీటీలు తీసినట్టు తీస్తదట" అంది పుష్పలీల.

"ఇట్స్ జస్ట్ రాండమ్, డాడ్" అంది కూతురు నిఖిత, టోస్టు నములుతూ.

రాండమ్ అంటే బాపురావు నమ్మలేదు. ఇన్ని లక్షలమంది ఉన్న దేశంలో, ఒట్టుకు భయపడే ఒక్క మనిషి పేరే తగిలిందంటే అది కంప్యూటర్ పని కాదు. ఊళ్లో పోచమ్మ సముద్రం దాటి వచ్చి మరీ పట్టుకుందనుకున్నాడు.

ఆ పోచమ్మకూ ఆయనకూ ముప్పైనాలుగేళ్ల పేచీ ఉంది. కరీంనగర్ దగ్గరి ఊళ్లో, ఆయనకు పద్దెనిమిదేళ్లప్పుడు, కిషన్‌రావు పటేలు ఇంటి ఇత్తడి గంగాళం పోయింది. తెల్లవారుజామున ఒక మనిషి దాన్ని నెత్తిన బోర్లించుకుని పోతుంటే బాపురావు చూశాడు. భుజాన ఎర్ర తువ్వాల ఉంది. అదే ఊరి మొగిలయ్యకూ ఎర్ర తువ్వాల ఉంది. పంచాయతీ పెద్దలు బాపురావును బావి దగ్గర తడిపి, తడిబట్టలతో పోచమ్మ గుడి ముందు నిలబెట్టి, కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించారు. "మొగిలయ్యనే" అన్నాడు. ముఖం చూశావా అని ఎవరూ అడగలేదు. ఈయనా చెప్పలేదు. గంగాళం దొరకనే లేదు. దొంగ పేరు మాత్రం మొగిలయ్యకు పచ్చబొట్టులా అంటుకుపోయింది.

ఇప్పుడు మళ్లీ ప్రమాణం చేయాలి, మళ్లీ ఒకడిని దొంగ అనాలి. వెళ్లకపోతే జరిమానా. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నడుము నొప్పి అని జీపీ డాక్టరు దగ్గర కాగితం తెచ్చి పంపితే, జూన్‌కు వాయిదా వేశారు. అంతకుమించి వాయిదా కుదరదని రాశారు.

జూన్‌లో వాళ్లు రమ్మన్న సోమవారం ఏమీ తినకుండా, చన్నీళ్లు పోసుకుని, బనియను తడిపి పిండి దాని మీద చొక్కా, కోటు వేసుకున్నాడు. ప్రమాణమంటే తడిబట్టలుండాలి కదా. కోర్టుకు తడి పంచెతో వెళ్లలేడు. అందుకని ఈ ఉపాయం.

కోర్టులో పెద్ద గది నిండా జనం, పత్రికలు తిరగేస్తూ కూర్చున్నారు. అందులోంచి పదిహేనుమందిని పిలిచి లోపలికి తీసుకెళ్లారు. బాపురావూ వాళ్లలో ఉన్నాడు. అక్కడ గుమాస్తా పేర్లున్న కార్డులను పేకముక్కల్లా కలిపి ఒక్కొక్కటి తీసి చదవసాగాడు. పది. పదకొండు. పన్నెండో పేరు ఎవరో పోస్ట్‌మ్యాన్‌ది. బాపురావు ఊపిరి వదిలి పోచమ్మకు దండం పెట్టుకున్నాడు.

ఆ దండం పూర్తి కాకముందే పోస్ట్‌మ్యాన్ చెయ్యెత్తి, సాక్షుల్లో ఒకరు తనకు తెలుసన్నాడు. అతన్ని పంపేశారు. గుమాస్తా ఇంకో కార్డు తీశాడు. బాపురావు.

పన్నెండో కుర్చీ దగ్గర కోర్టు ఉద్యోగిని ఒకామె, తెల్లజుట్టు మనిషి, గుడ్డలో చుట్టిన భగవద్గీత చేతికివ్వబోయి ఆయన వణుకు చూసింది. చొక్కా మీద తడి మరక చూసింది. ఒంట్లో బాగాలేదా అని మెల్లగా అడిగింది. ప్రమాణానికి మా పద్ధతి ఇది అని మాత్రం చెప్పగలిగాడు. ఆమె నవ్వలేదు. పుస్తకం వద్దనుకుంటే మాట ఇచ్చినా చాలు అని ఒక కార్డు అందించింది. సాక్ష్యాన్ని బట్టి నిజమైన తీర్పు చెబుతానని అందులో ఉంది. ఆయన రెండుసార్లు చూసుకుని, పైకి చదివాడు.

తర్వాత జడ్జి జ్యూరీ వైపు తిరిగి చెప్పాడు. "మీకు ఖచ్చితంగా అనిపిస్తేనే దోషి అనండి. ఖచ్చితం కాకపోతే నిర్దోషి అనడమే మీ పని."

బాపురావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఖచ్చితంగా తెలియదని చెప్పడం కూడా ఒక జవాబేనా! ఈ ఒక్క మాట ఆనాడు గుడి ముందు ఏ పెద్దమనిషైనా అని ఉంటే ఎంత బాగుండేది! గుండె మీది బండ ఎవరో దించినట్టయింది.

కేసు నాలుగు రోజులు నడిచింది. జ్యూరీ గదిలో ఏం మాట్లాడుకున్నారో బయట చెప్పకూడదు. పుష్పలీల ఎంత గుచ్చి అడిగినా ఆయన చెప్పలేదు. దానికి బదులు గంగాళం కథంతా చెప్పాడు. ఆమె విని, తడి బనియనుతో తెచ్చుకున్న జలుబుకు మిరియాల చారు పెడుతూ, "ఇదంత నాకు గాదు చెప్పాల్సింది" అంది.

శనివారం పొద్దున నంబరు కనుక్కుని, ఫోన్ కార్డు గీకి, ఊళ్లో మొగిలయ్య కొడుకు దుకాణానికి ఫోన్ చేశాడు. ముసలాయన్ను పిలిపించారు.

"మొగిలన్నా, నేను బాపురావును. గా పొద్దు గంగాళం కింద ముఖం నాకు కనబడలే. తెల్వకుంటనే నీ పేరు చెప్పిన."

అవతల మొగిలయ్య దుకాణంలో వాళ్లను గోల ఆపమన్నాడు.

"కనబడలేదని నాకెర్కనే, బాపూ. తీసింది నేను గాదు గద" అన్నాడు మొగిలయ్య. "గని మా ఇంటిది గిన్నేండ్ల సంది నన్ను నమ్మలే. పక్కనే ఉన్నది. దానికి చెప్పు."

ఫోను చేతులు మారింది. బాపురావు మళ్లీ మొదటినుంచి చెప్పాడు.

"నిజంగనే ముఖం చూడలేదా, అయ్యా? ఒట్టా?" అంది ఆమె.

బాపురావు పుష్పలీల వైపు చూశాడు.

"ఒట్టు, వదినా" అన్నాడు.