మూతలకు రాసిన నూనె

ఆ రోజుల్లో నేను పరిశోధన చేసేవాణ్ణంటే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, మా గైడు గారు నా ఈమెయిళ్ళకు జవాబైనా ఇవ్వొచ్చు కదా! ఇన్నేళ్ళుగా అదీ లేదు. నా ప్రశ్న ఈగంత. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ముసిరే చిట్టి ఈగలు సూక్ష్మదర్శినిలో చూసినా అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ కొన్ని బత్తాయిల్ని వదలవు, కొన్ని అరటిపండ్లు తప్ప ముట్టవు. అందుకే రెండు జాతులని నా పంతం. ఈగ ఒంటి మీద పలుచని మైనపు పొర ఉంటుంది. దాన్ని ద్రావకంలో కరిగించి యంత్రానికిస్తే, ఏ జాతి మైనానికి ఆ జాతి గీతలు గీస్తుంది. మా గైడు గారు మాత్రం, "ఒకటి రెండుగా కనిపిస్తే కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళవయ్యా" అన్నారు, అందరి ముందూ. (నవ్విన వాళ్ళంతా నాకు గుర్తే.)

దిల్‌సుఖ్‌నగర్‌లో నా కిరాయి గదికి ఫ్రిజ్ లేదు. ఎండాకాలమంతా పట్టిన ఈగల్ని చిన్న గాజుసీసాల్లో వేసి, ఓనరాంటీ ఫ్రిజ్‌లో పచ్చళ్ళ పక్కన దాచాను. యంత్రం దగ్గర నా వంతు వచ్చిన రోజు ఆంటీ మురిసిపోతూ సీసాలు తెచ్చిచ్చింది.

"మూతలు గట్టిగ పట్టేసినయ్ బిడ్డా. పొద్దుగాల అన్నిటికీ జర నూనె రాసిన. ఇప్పుడెట్ల ఒస్తయో సూడు!"

"నూనె రాశారా? మూత లోపల కూడానా?"

"లోపల రాయకుంటే ఎట్ల తిరుగుతది? మంచి నువ్వుల నూనె. నా పచ్చడి సీసాలకు గదే రాస్త. ఏంది, గట్ల మొఖం పెట్టినవ్?"

అంత ప్రేమగా చేసిన మనిషిని ఏమంటాను? వంతు పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ద్రావకంలో మైనంతో పాటు నూనే కరుగుతుందని తెలిసినా, దేవుడి మీద భారం వేసి వెళ్ళాను. యంత్రం నడిపే అతను గీతలు చూసి, "అన్నా, నీ ఈగలన్నీ ఒక్క గానుగల పుట్టినట్టున్నయ్!" అన్నాడు.

గైడు గారు ఆ కాగితాలు చూసి, "చెప్పానా, ఒకటేనని?" అన్నారు.

"సార్, అది నూనె సార్."

"రేపు నెయ్యి అంటావు. ఇక వేరే అంశం చూసుకో."

మళ్ళీ పట్టుకుందామంటే మార్కెట్టే అక్కణ్ణించి లేచిపోయింది. దాంతో పాటే నా ఈగలూ, నా డాక్టరేటూ.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జంతుశాస్త్రం చెబుతున్నాను. అరటిపండు మీద ఈగ వాలితే తోలబుద్ధి కాదు, కళ్ళజోడు సర్దుకుని వంగి చూస్తాను. ఎండలో సీసాతో ఈగల వెంట పరిగెత్తిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అతనికి మాత్రం ఇంతవరకు న్యాయం జరగలేదు. గైడు గారూ, మీరు పరీక్షించింది నువ్వుల నూనెని. ఈగలు ఒకటేనని ఎలా తేల్చారు? ఈసారైనా జవాబు చెప్పండి.