ఫైర్‌వాల్‌కి పెట్టిన బొట్టు

"గోడ దాటి అవతలి గదిలోకి వెళ్తున్నది ఇతని కంప్యూటరేనండీ" అని మేనేజరు గారి ముందు నిలబడి, పత్రిక పేజీలు కట్టే బావ వైపు వేలు చూపించిన మధ్యాహ్నం నా గొంతు రవ్వంత కూడా వణకలేదు. ఆ రోజుల్లో నాకు సందేహాలు ఉండేవి కావు. తెలిసినవాడికి సందేహమెందుకని నా ధీమా. అప్పటికి నా మీసం ఎంత కొత్తదో ఆ ధీమా కూడా అంతే కొత్తది. మీసం నెరిసింది గానీ, ధీమా అంతకు చాలాముందే, అదే సాయంత్రం, రాలిపోయింది. ఆ కథే ఇది.

అది శ్రీకాకుళంలో ఒక దినపత్రిక కార్యాలయం. నేను ఉప సంపాదకుణ్ణి. (హోదా గొప్పదే. సాలూరు నుంచి, పాతపట్నం నుంచి విలేకరులు పంపిన వాక్యాలకి తోకలు కత్తిరించడం పని.) ఆ ఏడాది హెడ్డాఫీసు నుంచి ఫైర్‌వాల్ అనే నల్లపెట్టె ఒకటి వచ్చింది. ప్రకటనల గదికి ఊళ్లో వ్యాపారులందరూ పెన్‌డ్రైవులు పట్టుకొస్తారు, వాటితో వైరస్‌లూ వస్తాయి. అందుకని ఆ గది కంప్యూటర్లు ఒక వాటా, వార్తల గది కంప్యూటర్లు ఇంకో వాటాగా విడదీసి, మధ్యలో ఈ పెట్టెను కాపలా ఉంచారు. ఇటుదేదీ అటు పోకూడదు, అటుదేదీ ఇటు రాకూడదు. దాన్ని కనిపెట్టుకుని ఉండటానికి విశాఖపట్నంలో రెండు రోజుల శిక్షణకి నన్ను పంపారు. ఇంగ్లీషు మాన్యువల్ చదివి అర్థం చేసుకోగలనని ఆఫీసంతా చాటుకున్నది నేనే మరి. తిరిగొచ్చాక టీ కొట్టు దగ్గర కూడా నెట్‌వర్కు గురించే మాట్లాడేవాణ్ణి.

దసరా వెళ్లిన వారం సాలూరు లారీల మీద మేం వేసిన ప్రత్యేక కథనం, అదే రోజు పోటీ పత్రికలోనూ వచ్చింది. మా పేజీ ఎవరో బయటికి పంపుతున్నారని మేనేజరు గారు మండిపడి, "నీ పెట్టె ఏమంటుందో చూడు" అన్నారు. చూశాను. పెట్టె తాను చూసినదంతా వరసగా రాసిపెట్టుకుంటుంది. అందులో, ప్రకటనల గది వైపు గుమ్మం దగ్గర, వార్తల గది చిరునామా ఒకటి అర నిమిషానికోసారి వచ్చి తలుపు తడుతోంది. ఆ చిరునామా బావ కంప్యూటరుది. పేజీ ప్రకటనల గదికి చేరితే ఏ పెన్‌డ్రైవులోనో ఊళ్లోకి పోతుంది. అంతే, దొంగ దొరికాడు! వార్తల గదిలో ఉండాల్సినది అటువైపు గుమ్మం దగ్గరికి ఎలా చేరిందని నాకు తోచనే లేదు. (విలేకరి ఎవరైనా 'ఎలా' లేకుండా వార్త పంపితే తిట్టి వెనక్కి పంపేవాణ్ణి.)

బావది పాతపట్నం దగ్గర రైతు కుటుంబం. ఎవరికి బావో తెలియదు, ఆఫీసులో అందరికీ బావే. సోమవారం అతని కాంట్రాక్టు మళ్లీ రాయాలి. "ఆ కాగితం మీద సంతకం పెట్టను" అన్నారు మేనేజరు గారు.

బావ నా వైపు తిరిగాడు. "ఒరే, నానేటి సేసేన్రా? పేజీ కట్టడం తప్ప ఆ పెట్టిలో ఏటుంటాదో నాకు తెలుసేటి?"

"నీకు తెలియకుండా నీ కంప్యూటరు అటెలా వెళ్తుంది బావా?"

"దాన్నే అడుగు. సదువుకున్నోడివి కదా." టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "ఇంటికెల్లి ఏటని సెప్పాలిరా?" అన్నాడు. నేను మాన్యువల్ తిరగేయసాగాను.

అప్పుడు వచ్చింది ప్రకటనల అక్క. అరసవల్లి మనిషి, ఆ గది మొత్తం ఆవిడ రాజ్యం. "బావదొక్కటే ఏటి? మీ గది కంప్యూటర్లన్నీ నా తెర మీద కనబడతన్నాయి. నీది కూడా ఉన్నాది, సూడు. దసరా కాడి నుంచీ ఇదే వరస."

"దసరా నుంచా?"

"ఓలమ్మ, మర్సిపోనావేటి? ఆయుధ పూజ నాడు ఆ తీగ గుచ్చింది నువ్వే. అదేటని నానడిగితే 'నీకు తెల్దులే అక్కా' అన్నావు."

మా ఆఫీసులో ఆయుధ పూజకి మినహాయింపులు లేవు. స్కూటరు నుంచి స్టాప్లరు దాకా అన్నింటికీ బొట్టు పడాల్సిందే. ఆ ఏడు ఫైర్‌వాల్‌నీ, దాని పక్కన రెండు గదులకీ తీగలు పంచే రెండు స్విచ్‌లనీ అలమర మీంచి దించి, తీగలన్నీ పీకి, తడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్క రంధ్రం మీదా ముచ్చటగా కుంకుమ అద్దాను. తిరిగి బిగించాక ఒక తీగ కొస మిగిలింది. పెట్టె బిగించిన మనిషి దాన్ని కావాలనే వదిలేసి వెళ్లాడట. పండగపూట ఖాళీగా వేలాడటం బాగోలేదని ప్రకటనల స్విచ్‌లో గుచ్చేశాను. దాని రెండో కొస వార్తల స్విచ్‌లో ఉంది. అంటే గుమ్మంలో కాపలావాణ్ణి కూర్చోబెట్టి, పక్కనే గోడకి కన్నం వేసిన ఘనుణ్ణి నేనే. బావ కంప్యూటరు చేసిన నేరమల్లా, మరమ్మతుకి వెళ్లిన పాత ప్రింటరు ఎక్కడుందని అర నిమిషానికోసారి అందరినీ కేకేసి అడగడం. ఆ కేక నా కన్నంలోంచి అవతలికీ వినబడింది.

తీగ పీకాను. పెట్టె రాయడం ఆపేసింది. మళ్లీ గుచ్చాను, మళ్లీ మొదలుపెట్టింది. మూడోసారి పీకి చూస్తే తీగ కొసనిండా కుంకుమే. దాన్ని పట్టుకునే మేనేజరు గారి దగ్గరికి వెళ్లి, "కన్నం నాదేనండీ" అన్నాను. ఆయన కొసను చూసి, నా ముఖం చూసి, పక్కకి నెట్టిన కాంట్రాక్టు కాగితాన్ని దగ్గరికి లాక్కున్నారు.

బావ టిఫిను డబ్బా మళ్లీ బల్ల మీద పెట్టాడు. "ఒరే, వచ్చే దసరాకి నీకూ బొట్టెట్టి ఆ అలమర మీద కూకోబెడతాం. తీగలు మాత్రం ముట్టుకోకు." ఆ తర్వాత నా లెక్కలో అంకెలు తప్పినా, పేజీలో అక్షరం జారినా, "బొట్టెట్టమంటావేటి?" అనేవాడు.

ఇప్పుడు ఎవరివైపైనా వేలెత్తబోతే ముందు ఆ వేలికి కుంకుమ ఉందేమోనని చూసుకుంటాను. ఆ రోజు అంత నిబ్బరంగా నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నిబ్బరంలో కాస్తయినా దాచుకోవాల్సిందని అప్పుడప్పుడు బెంగగానూ ఉంటుంది. ఇంతకీ సాలూరు కథనం పోటీ పత్రికకి ఎలా చేరిందో తేలలేదు. తీగ పీకిన మరుసటి వారం కూడా మా కథనం ఒకటి వాళ్ల పేజీలో వచ్చింది. ఈసారి నేను పెట్టిన శీర్షికతో సహా.