నంబర్ల బాబాయి

నంబరు లేని వస్తువు కనబడితే బాబాయికి ముద్ద దిగదు. వెబ్‌పేజీలు తయారుచేసే ఆ చిన్న ఆఫీసులో కుర్చీలకూ, కిటికీలకూ, ఆఖరికి టీ కప్పులకూ ఆయన చీటీలే. ఒకసారి "గొడుగు-2 కనబడటం లేదు" అని గోల పెట్టారు. గొడుగు-1 ఏదంటే, అది పోయి మూడేళ్ళయిందట.

ఎవరు ఏ ఫైలు రాసినా పైన పేరుండదు. రాసినవాళ్ళ నంబరును బాబాయి స్వయంగా వేస్తారు; ఆయనది ఏడు.

కొత్తమ్మాయి చదువు మధ్యలో ఆపేసి, ఈ పని తనంతట తానే నేర్చుకుంది. నెలరోజుల్లో నెగ్గుకొస్తేనే ఉద్యోగం. ఆమెకు పళ్ళ డాక్టరు పేజీ అప్పగించారు: ఇరవైమంది రోగులు, ఒక్కొక్కరి పక్కన 'రద్దు' బటన్. నొక్కిన బటన్ ఎన్నోదో చూసి, "రోగి-" అన్న మాటకు ఆ అంకె తగిలించి, ఆ గుర్తు ఉన్న పేరును కోడ్ వెతికి తీసెయ్యాలి.

బాబాయి మురిసిపోయారు. "లోకమంతా ఇలా ఉండాలమ్మా! మా ఇంట్లో దిండ్లకు కూడా ఇదే పద్ధతి."

"పిన్నిగారు ఏమీ అనరా?"

"అనదు. నాలుగో దిండు విసురుతుంది."

నెలాఖరున మేనేజరు అందరిముందూ మూడో రోగిని రద్దు చేశాడు. రెండో రోగి మాయం! ఐదు నొక్కితే నాలుగు. ఒకటి నొక్కితే ఎవరూ కదల్లేదు. రోగి-0 అనేవాడు పుట్టనే లేదు మరి. రోగులను ఒకటినుంచి లెక్కపెట్టిన అమ్మాయి, కంప్యూటరు బటన్లను సున్నానుంచి లెక్కపెడుతుందన్నది మరిచింది.

"ఎవరిదీ నిర్వాకం?" మేనేజరు ఫైలు పైన చూశాడు. "ఏడో నంబరా! మళ్ళీ మీరేనా బాబాయిగారూ?"

అమ్మాయి నోరు తెరిచేలోగా ఆయన లేచారు. "నేనే సార్. సున్నా దగ్గర తడబడ్డాను."

"కొత్తవాళ్ళు చేరిన ప్రతి నెలా మీకేదో పూనుతుందండీ! పావుగంటలో సరిచెయ్యండి." విసురుగా వెళ్ళిపోయాడు.

"ఆ ఫైలు నాది కదండీ?" అంది అమ్మాయి గొంతు తగ్గించి.

"మొదటి నెల ఎవరి ఫైలైనా నాదే. నన్నయితే తిట్టి ఊరుకుంటాడు, నిన్నయితే ఇంటికి పంపేస్తాడు. ముందు అది సరిచెయ్యి తల్లీ."

"ముందే చెప్పచ్చుగా! నెలంతా హడలిపోయాను."

"చెబితే ఇంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసేదానివా?"

ఆమె లెక్కకు ఒకటి కలిపింది. మూడు నొక్కితే మూడే పోయింది. మేనేజరు వచ్చి నాలుగైదు బటన్లు నొక్కి చూశాడు.

"ఎవరు బాగుచేశారు?"

"ఈ అమ్మాయే సార్," అన్నారు బాబాయి.

మేనేజరు ఆమె వంక మెచ్చుకోలుగా చూశాడు. "రేపటినుంచి నువ్వు పర్మినెంటు. ఒక్క పని చెయ్యమ్మా. ఈయన రాసినవన్నీ నువ్వు ఓసారి చూసి పంపు. పెద్దాయన, పాపం, లెక్క తప్పుతున్నారు."

"అలాగే సార్," అంది అమ్మాయి, బాబాయి వైపు చూడకుండా. చూస్తే నవ్వు ఆగదు.