ఒక్కసారే వినపడ్డ పిలుపు

మా చిన్నప్పుడు రేపల్లెలో చలికాలం క్రికెట్ అంటే సగం కళ్ళతో, సగం చెవులతో ఆడే ఆట... పొద్దున్నే స్కూలు గ్రౌండు మీద మంచు దిగేది. అవతలి ఎండ్‌లో ఉన్నవాడు తెల్లటి మరకలా కనపడేవాడు. పరుగు తియ్యాలా వద్దా అన్నది పిలుపుని బట్టే. "రా!" అంటే పరుగు. "వద్దు!" అంటే ఆగిపోవడం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో... మేం తొమ్మిదో తరగతి.

మా టీమ్‌లో అసలు సిసలు బ్యాట్స్‌మన్ ఏడుకొండలు. మాకు వట్టి కొండలు. నిజాంపట్నం దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. వాళ్ళ నాన్న చేపల బోటు మీద పని. సీజన్ మొదట్లోనే ఆయన స్కూలుకొచ్చి పీఈటీ సార్‌తో తేల్చి చెప్పేశాడు.

"జిల్లా టీమ్‌లోకి తీసుకుంటే చదువుకోనిస్తానండి. లేదంటే ఈ యేడే బోటెక్కిస్తానండి. చేతులు చాలట్లేదు సార్ మాకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక కుర్రాడి చదువు క్రికెట్ బంతి మీద ఆధారపడటమేంటి? అప్పటికే నేను తెనాలి బస్టాండులో పంచే కరపత్రాలన్నీ పోగేసుకుని చదివేవాణ్ణి. పిల్లల చేత పని చేయించొద్దని ఒకటి, దెయ్యాలు లేవని ఒకటి... అందుకే మా కెప్టెన్ మస్తాన్ నన్ను పేరు పెట్టి పిలిచేవాడే కాదు. "కరపత్రం" అనేవాడు.

తెనాలిలో మొదటి మ్యాచ్. మస్తాన్ "రా!" అని అరిచి పరిగెత్తాడు. కొండలు కదల్లేదు. మస్తాన్ పిచ్ మధ్యలో రనౌట్.

"చెవుడేంట్రా నీకు?"

"వినపడింది మస్తానూ... రెండోసారి పిలుస్తావేమోనని చూశా."

అప్పుడు చెప్పాడు. మంచు పట్టినప్పుడు సముద్రం మీద ఎవరు పిలిచినా వాళ్ళ వాళ్ళు మొదటి పిలుపుకి పలకరట. "మనిషైతే మళ్ళీ పిలుస్తాడు. ఇంకోటైతే ఒక్కసారే పిలుస్తది."

"ఇంకోటంటే ఏంటి?" అన్నాను కోపంగా.

"ఏమో. పలికినోళ్ళు తిరిగొస్తే కదా అడగడానికి."

నేను అక్కడే మూఢనమ్మకాల మీద ఉపన్యాసం మొదలెట్టాను. మస్తాన్ ప్యాడ్లు విప్పుకుంటూ, "ఆపరా కరపత్రం! వాడికోసం రెండుసార్లు పిలిస్తే మన గొంతు అరిగిపోతుందా?" అన్నాడు. అవుటైంది వాడు, సర్దుకున్నదీ వాడే.

ఆ రోజు నుంచి మా టీమ్ పిలుపు "రా... రా!" అయింది. మొదటిదానికి సిద్ధంగా ఉండటం, రెండోదానికి దూకడం. అవతలి టీమ్‌లు నవ్వేవి... "ఏంటన్నా, కుక్కపిల్లని పిలుస్తున్నారా?" అని. నవ్వనీ, మేం గెలుస్తూ పోయాం. కొండలు కోసం నేనూ రెండుసార్లే పిలిచేవాణ్ణి. కానీ పరిగెత్తడం మాత్రం మొదటి పిలుపుకే. అది నా సిద్ధాంతం.

చివరి మ్యాచ్ బాపట్లలో. గెలిచిన టీమ్ నుంచే జిల్లాకి తీసుకుంటారని సార్ ముందే చెప్పారు. ఎండెక్కితే పోవాల్సిన మంచు ఆ రోజు పోలేదు... సముద్రం వైపు నుంచి ఇంకా చిక్కగా వచ్చింది. మావాళ్ళంతా అవుటైపోయారు. ఒక ఎండ్‌లో కొండలు, ఇంకో ఎండ్‌లో ఆఖరివాణ్ణి నేను. రెండు పరుగులు కావాలి.

కొండలు బంతిని పక్కకి నెట్టాడు. చప్పుడు వినపడింది. తర్వాత ఒక్క క్షణం ఏమీ లేదు... కాకి కూడా అరవలేదు.

"రా!"

కొండలు గొంతే. స్పష్టంగా.

పరిగెత్తాను. సగం దూరం వెళ్ళాక మంచులోంచి వాడు కనపడ్డాడు... క్రీజులోనే, బ్యాటు నేలకి ఆనించి, కొయ్యలా నిలబడి ఉన్నాడు. నా వెనక వికెట్లు పడిన చప్పుడు.

"పిలిచి కదలవేంట్రా!" అని అరిచాను.

"నేను పిలవలేదురా. నువ్వే కదా పిలిచావు. నీ గొంతే... కానీ నా వెనక నుంచి వచ్చింది. మళ్ళీ పిలుస్తావేమోనని చూస్తున్నా."

వాడి వెనక ఉన్నది బాపట్ల కీపర్. గొంతు మార్చి మోసం చేశాడని వాడి కాలరు పట్టుకున్నాను. వాడు విడిపించుకోను కూడా లేదు. "నేను కాదన్నా, ఒట్టు. మా అమ్మ పిలిచినట్టు వినపడితే వెనక్కి చూశాను..." అన్నాడు.

వాళ్ళమ్మ ఆ మ్యాచ్‌కి రాలేదు.

ఇన్నింగ్సంతా ఒంటిచేత్తో లాగిన కొండలుని, ఓడిన టీమ్‌వాడని వదిలేశారు. ఆ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది. వారం తిరక్కుండా వాడు బోటెక్కాడు.

ఇప్పటికీ బోటు మీదే ఉన్నాడు. ఫోన్ చేస్తే మొదటిసారి ఎత్తడు. కట్ చేసి మళ్ళీ చేస్తే, "ఆఁ, చెప్పరా కరపత్రం" అంటాడు.

పోయిన చలికాలం ఒక పొద్దున, కిటికీ అవతల మంచు... వాడి పేరుతో నా ఫోన్ మోగింది. చెయ్యి ఫోన్ దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ మోగుతుందని చూశాను. మోగలేదు.

సాయంత్రం రేవుకి చేరాక వాడే చేశాడు. ఈసారి రెండుసార్లు. పొద్దున ఎందుకు చేశావంటే, "నేనా? సముద్రంలో ఉన్నాను కదరా, సిగ్నలెక్కడిది?" అన్నాడు.

నేను ఇవేవీ నమ్మను. అప్పుడూ నమ్మలేదు. కానీ ఆ ఫోన్ ఎత్తలేదు.

మా స్కూలు గ్రౌండులో ఇప్పుడు పొద్దున్నే ఆడేవాళ్ళు లేరు... ఒకరికోసం ఒకరు రెండోసారి పిలిచే ఓపికా ఎవరికీ లేదు.

మీ చిన్నప్పుడు మంచులో ఎలా పిలుచుకునేవాళ్ళు? కింద రాయండి... రెండుసార్లు రాయండి. రాసింది మీరేనని నాకు తెలియాలి కదా.