మిద్దె మీద ఐదు రోజులు

మా అమ్మాయి పెళ్లికి ముహూర్తం పెట్టినప్పుడు కూడా నేను పంచాంగం అంత శ్రద్ధగా చూళ్లేదు. మొన్న ఎండాకాలంలో మాత్రం గోడ మీది క్యాలెండరు దించి, కళ్లజోడు పెట్టుకొని, పట్టపగలు లైటు వేసుకొని మరీ చూసినా. ఎవరన్నా చూసుంటే ఈమె ఇంట్లో మళ్లీ ఏం శుభకార్యమబ్బా అనుకొనుండేవాళ్లు. శుభకార్యమా నా మొహమా! మా మిద్దె మీద బాడుగకున్న ముసలామె ప్రాణం ఏ రోజు పోతే నా ఇంటికి నష్టం లేదో చూసుకుంటా ఉన్నా. ఛీ, చెప్పుకోడానికే సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాల గదా.

సూళ్లూరుపేటలో నాకుండేది ఆ ఒక్క ఇల్లే. కింద నేనుంటా, పైన రెండు గదుల మిద్దె బాడుగకిస్తా. మా ఆయన బతికుండగా, ముందు ముందు ఇదే మనకు పెన్షను అంటా అప్పోసప్పో చేసి పైన వేయించినాడు. ఆయన పోయినాక ఆ మాట అక్షరాలా నిజమైంది. నా బియ్యం, నా బీపీ మాత్రలు, కరెంటు బిల్లు, అన్నీ ఆ బాడుగలోనే. పైన తాళం పడితే కింద పొయ్యి వెలగదు, అంతే లెక్క.

ఇంటి ఓనరంటే జనం ఏదో జమీందారు అనుకుంటారు. నా జమీందారీ సంగతి నాకే ఎరుక. మోటారు కాలితే నేనే పరిగెత్తాల. ట్యాంకులో కాకి పడితే నేనే తీయించాల. కాలవ పొంగితే కుచ్చిళ్లు ఎగ్గట్టుకొని నేనే దిగాల. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ల ముందు నిలబడటం పెళ్లిచూపుల కంటే అన్యాయం. వాకిలి ఏ దిక్కు, నీళ్లు ఉప్పగా ఉంటాయా, బండి ఎక్కడ పెట్టుకోవాల, అన్నీ అడిగేసి, పోతా పోతా మెట్ల మీద నిలబడి గొంతు తగ్గించి ఇంకొకటి అడుగుతారు. ఈ ఇంట్లో ఎవరన్నా పోయినారా అని. మా ఆయన ఆసుపత్రిలో పోయినాడు కాబట్టి లేదమ్మా అని నేను ధైర్యంగా చెప్తా. అది కూడా ఒక అదృష్టమేనా అని ఒక్కోసారి నాకే కడుపు మండుతుంది.

అందులోనూ పంచకాల్లో పోతే ఇంక చెప్పే పనే లేదు. నెలలో ధనిష్ఠ మొదలు రేవతి దాకా ఉండే ఐదు నక్షత్రాల రోజుల్లో ఇంట్లో ఎవరన్నా కన్నుమూస్తే ఆ ఇల్లు నెలల తరబడి మూసెయ్యాలని మా పక్క గట్టి పట్టింపు. మా వెనక వీధిలో ఒకామె ఇంట్లో అట్టే జరిగింది. బాడుగకున్నాయన ధనిష్ఠలో పోయినాడు. ఆరు నెలలు తాళం వేసినారు. తాళం తీసినాక కూడా ఆ గడప తొక్కినవాడు లేడు. కడాకు ఉల్లిగడ్డల వ్యాపారికి గోడౌనుగా సగం బాడుగకే ఇచ్చుకునింది. ఆ ఇంటి ముందు పోయేటప్పుడల్లా ఆ ఉల్లిగడ్డల వాసనకు ముక్కు మూసుకొని గబగబా దాటేసేదాన్ని.

మా మిద్దె మీద ఉండేది ఒక మొగుడూ పెళ్లాం. అతను శ్రీహరికోటలో పనికి పోయేవాళ్లను వ్యానులో తీసకపోయి తీసకొస్తాడు. ఆ పిల్ల తడ పక్క ఒక కంపెనీలో షిఫ్టు డ్యూటీకి పోతుంది. నోట్లో నాలుక లేని మనుషులు. ఇట్టాంటి వాళ్లు దొరకడం నా పూర్వజన్మ పుణ్యం అని నేను మురిసిపోతా ఉంటే, పోయినేడు అతని తల్లి వచ్చి చేరింది. పులికాట్ ఒడ్డున ఒక పల్లె ఆమెది. ఎనభైకి దగ్గర. మొగుడు చిన్న వయసులోనే పోతే, తట్టలో రొయ్యలు పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మి ఇద్దరు కొడుకుల్ని సాకిన మనిషి. ఆ గొంతుతో పిలిస్తే బస్టాండు దాకా వినపడాల. నాకూ ఆమెకూ నీళ్ల మోటారు దగ్గర రోజూ తగువే. నేను మోటారు ఆపితే చాలు, సముద్రం ఎండిపోయిందా అని పైనుంచి అరిచేది.

అట్టాంటి గొంతు ఒక్కసారిగా పడిపోయింది. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందంట. నెల్లూరు ఆసుపత్రిలో పది రోజులు పెట్టుకొని, వయసైపోయింది, ఇంటికి తీసకపోయి తినగలిగింది పెట్టుకోమని పంపించినారు. ఒక శుక్రవారం పొద్దున కొడుకూ, ఆటో అతనూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించినారు. పీనుగ కంటే తేలిగ్గా ఉందని ఆటో అతను నాతో అన్నాడు. వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే పైకి పోయి చూసొచ్చినారు. దిగేటప్పుడు ఎదురింటామె నా దగ్గర ఆగి, ఇంక ఎన్నో రోజులు లేదు, రేపట్నించి పంచకాలు గూడా, చూసుకో అని చెవిలో వేసి పోయింది. నేను క్యాలెండరు దించింది అప్పుడే. ఆమె చెప్పింది నిజమే. శనివారం మధ్యాహ్నం నుంచి గురువారం పొద్దున దాకా.

ఆ సాయంత్రం కొడుకు వ్యాను పెట్టి వస్తా ఉంటే గేటు దగ్గర పట్టుకున్నా. నా నోట్లోంచి తేనె కారింది. పెద్దామెకు సొంతూరి గాలి తగిలితే తేరుకుంటుందేమో నాయనా, నాలుగు రోజులు అక్కడ ఉంచి రాగూడదా అన్నా. అతను నా మొహం చూసి, తలొంచుకున్నాడు. ఊళ్లో ఇల్లు తుపానుకు పడిపోయిందంట. అన్న చెన్నైలో కూలి పనిలో ఉన్నాడంట. అక్కడ అమ్మ గొంతులో నీళ్లు పోసే దిక్కు లేదని మెల్లగా చెప్పినాడు. "మీరు పొమ్మంటే పోతామక్కా. ఇంకో ఇల్లు చూసుకునేదానికి ఒక్క నెల టైమివ్వండి," అన్నాడు.

నెలంట! నాకు కావాల్సింది ఐదు రోజులు. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది గానీ ఎట్ట చెప్తాం? మింగేసి లోపలికి వచ్చినా.

వంటింట్లో పీట మీద కూర్చొని చాలాసేపు ఆలోచించినా. ఆమెను పంపేదానికి లేదు. అయితే మిగిలింది ఒకటే దారి. ఆమెను బతికించాల. ఐదంటే ఐదు రోజులు. రేవతి దాటినాక ఇంక దేవుడి దయ. ఎంత పాపిష్టి ఆలోచనో ఇప్పుడు తెలస్తా ఉంది గానీ, ఆ రోజు అది నాకు బ్రహ్మాండమైన ఉపాయంగా తోచింది.

శనివారం కోడలు డ్యూటీకి పోతానే గంజి గిన్నె పట్టుకొని మెట్లెక్కినా. మోకాళ్ల నొప్పులని ఆ మెట్ల జోలికి పోక చాన్నాళ్లయింది. ముసలామె ఒక గుక్క తాగి మొహం తిప్పుకునింది. ఉప్పు లేదంట. దిగి ఉప్పు తెచ్చి కలిపితే, చేప లేని కూడు ఎవరు తింటారని గొణిగింది. ఓరి దేవుడా అనుకొని బజారుకు పోయినా. నా కోసం నేను ఎన్నడూ కొనని వంజరం ముక్కలు కొని, కారం తగ్గించి పులుసు పెట్టి, ముల్లు లేకుండా చూసి, మెత్తగా పిసికి పెట్టినా. నాలుగు ముద్దలు తినింది. ఆ నాలుగు ముద్దలకు నా ప్రాణం లేచొచ్చింది.

ఆమె నిద్రపోతే నాకు భయం. ఊపిరి ఆడతా ఉందో లేదో అని ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం అట్టనే పెడితే ఒక కన్ను తెరిచింది. ఇంకా పోలేదు లే అని మళ్లీ మూసుకునింది. నవ్వాలో ఏడవాలో తెలీలా. సాయంత్రం కాస్త ఓపికొచ్చి మాటల్లో పడింది. మీ ఆయన ఎట్టాంటోడు అని అడిగింది. ఆయన పోయినాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అందరూ ఇల్లెవరి పేరు మీదుందనే అడిగినారు. నేను గంటసేపు చెప్పినా. ఆమె కళ్లు మూసుకొనే ఊఁ కొట్టింది.

సోమవారం పదకొండు గంటలప్పుడు ఒళ్లు పెనం లాగా కాలిపోయింది. గొంతులో గురగుర మొదలైంది. కొడుక్కి ఫోను చేస్తే తగల్లేదు. కోడలి ఫోను డ్యూటీలో ఉన్నంతసేపూ కంపెనీవాళ్ల దగ్గరే ఉంటుంది. నా కేకలకు ఎదురింటామె పరిగెత్తుకొచ్చింది. చూడంగానే, ఇంక ఆలస్యం చేయొద్దు, కిందకు దించి గేటు బయట చాప వేద్దాం, ప్రాణం బయట పోతే ఇంటికి దోషం అంటదు అనింది. మోసేదానికి ఇద్దరు మగవాళ్లను కూడా పిలిచేసింది. ఆమె చెడ్డదేం కాదు. ఇంకొకరి ఇంట్లో అయితే అదే మాట నేనే చెప్పుండేదాన్ని.

ఆ ఇద్దరూ మెట్లెక్కే చప్పుడైంది. ముసలామె చెయ్యి నా కొంగు పట్టుకునింది. ఎముకల చెయ్యి, అయినా లాగతా ఉంది. నన్ను బయట పడేయొద్దని బతిమాలుకుంటా ఉందనుకున్నా. నాకు కోపం నషాళానికి అంటింది. ఎవరి మీదో తెలీదు. నా మీదే కాబోలు.

"ప్రాణం ఉన్న మనిషిని నా గేటు బయట పడుకోబెట్టను. మూస్తే నా ఇల్లే గదా మూసేది. మీరు దిగండి," అన్నా.

అనేసినాక ఉల్లిగడ్డల ఇల్లు కళ్ల ముందు కనపడింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. పైకొచ్చిన మగవాళ్లలో ఒకతన్ని వీధి చివర క్లినిక్కుకు తరిమినా. డాక్టరు బండి మీద వచ్చి సూదేసి, సెలైను పెట్టాలన్నాడు. సీసా తగిలించేదానికి గోడకు ఏమీ లేదు. అడక్కుండా మేకు కొట్టినాడని ఒకాయన్ని ఖాళీ చేయించిన ఘనురాల్ని నేను. పచ్చడిబండ తెచ్చి నా చేత్తో నేనే మేకు దించినా. పెచ్చు లేచి సిమెంటంతా ఆమె దుప్పటి మీద రాలింది.

మంగళవారానికి జ్వరం దిగింది. బుధవారం చేప అడిగింది. గురువారం పొద్దున గడియారం ముందే కూర్చున్నా. తొమ్మిది దాటి రేవతి పోయి అశ్విని వచ్చింది. అమ్మయ్య అని పైకే అనేసినా. చెంగాళమ్మ గుడికి పోయి కొబ్బరికాయ కొట్టొచ్చినా. ఎన్నేళ్లయిందో ఒళ్లు అంత తేలికపడి. వచ్చేటప్పుడు దారిలో ఎవరు పలకరించినా నవ్వుతానే ఉన్నానంట.

ఇడ్లీ తీసుకొని పైకి పోతే ఆమె గోడకానుకొని కూర్చొనుంది.

"ఈ పొద్దు ఏం నక్షత్రం అమ్మాయ్?" అనింది.

ప్లేటు ఆమె పక్కన పెట్టినా. అశ్విని అని చెప్పినా.

"అయితే గండం గడిచింది నీకు," అనింది. శుక్రవారం చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు ఆమె మంచం పక్కనే నిలబడి పంచకాల సంగతి మాట్లాడుకున్నారంట. చావబోయేదానికి చెవులుండవనుకుంటారు గదా. నేను గేటు దగ్గర కొడుకుతో అన్న సొంతూరి గాలి సంగతి కూడా ఆమెకు తెలుసు. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది.

"తట్ట మోసి బతికినదాన్ని, నీకు కూడు పెట్టేది ఈ మిద్దేనని నాకు తెలీదా," అనింది. "మొన్న నీ కొంగు పట్టుకొని లాగింది ఎందుకనుకున్నావు? నన్ను కిందకు దించమని. గేటు బయట పెట్టమని. చెప్దామంటే గొంతు రాలా."

నేను అట్టే నేల మీద కూలబడినా. ఆయన పోయినప్పుడు కూడా నలుగురి ముందు ఏడవనిదాన్ని, ఆమె ముందు వెక్కి వెక్కి ఏడ్చినా. ఐదు రోజులూ నేను నా ఇంటిని కాపాడుకుంటా ఉన్నానని అనుకున్నా. ఊపిరాడని మనిషి కూడా దాన్నే కాపాడాలని చూసింది.

"ఈసారి ఏ నక్షత్రంలోనైనా, నువ్వు ఎంత లాగినా దించను పెద్దమ్మా," అన్నా.

ఇడ్లీ చల్లారిపోతా ఉందని ఆమె నన్ను తిట్టింది.